వరదొచ్చిన మరుసటేడు

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు బడి మొహం చూడని ముసలమ్మకి కూడా కాంటూరు అనే మాట తెలుసు. మీ చెరువు ఐదో కాంటూరు లోపలా, బయటా అని అడుగుతారు. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా నీళ్ళు నిలిస్తే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. పదడుగుల దాకా నిండితే 901. ఈ అంకెలు నాకు 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించాక పేపర్లు చదివితే తెలిశాయి. అంతకుముందు మా తాతయ్య లెక్కలు వేరుగా ఉండేవి. ఎవరి గట్టు మునిగింది, ఎవరి చేలో దోనె తిరుగుతోంది, గుడి మెట్లలో ఎన్ని పైకి కనిపిస్తున్నాయి, ఇవే కొలతలు.

మాది అంటే మా అమ్మమ్మగారిది, కైకలూరు అవతల ఒక లంక గ్రామం. నాన్నగారికి ఎప్పుడు చూసినా బదిలీలే కాబట్టి పదో తరగతి అయ్యేదాకా నన్ను అక్కడే ఉంచారు. చుట్టూ నీళ్ళు, మధ్యలో మెరక మీద ఇళ్ళు. వేసవిలో దుమ్ము రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళం, వర్షాకాలంలో అదే దారిన తాటి దోనెలో బడికి వెళ్ళేవాళ్ళం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా లెక్కలేనన్ని మురుగు కాలవలు నీళ్ళు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది మెలికలు తిరుగుతూ అరవై కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. వచ్చే దారులు అన్ని, పోయే దారి ఒకటి. మా ఊరి కష్టమూ అదే, చేపలు అంతగా ఉండడానికి కారణమూ అదే.

జూన్, జూలైల్లో తొలకరి పడ్డాక ఎగువ నుంచి ఎర్రనీరు దిగేది. వేసవంతా పచ్చగా, కిందపడిన తూడు కుళ్ళు వాసనతో ఉండే నీళ్ళు రెండు మూడు రోజుల్లో రంగు మారిపోయేవి. అప్పటిదాకా కిక్కిస దుబ్బుల మధ్య గుంటల్లో దాక్కున్న చేపలకి ఎక్కడలేని హుషారు వచ్చేది. పొలాల మీద నుంచి బోదెల్లోకి, బోదెల నుంచి కొల్లేట్లోకి నీరు దూకుతుంటే, చేపలేమో ఆ నీటికి అడ్డంపడి పైకి వచ్చేవి. మా వాళ్ళు దాన్ని ఎదురెక్కడం అనేవారు. "ఒరే, చేప ఎదురెక్కుతోందంట" అని ఎవరో ఒక్క కేక వేస్తే చాలు, భోజనాలు మధ్యలో వదిలేసి ఊత, మావు, చిల్లుల తట్ట, ఏది దొరికితే అది పట్టుకుని మగవాళ్ళందరూ గట్ల మీదే ఉండేవారు. రాత్రి పూట పెట్రోమాక్స్ లైట్లు. మోకాలి లోతు నీళ్ళున్న చేలోకి మనిషి చెయ్యంత వాలుగలు జతలు జతలుగా వచ్చి దొర్లేవి. వాటి వీపులు నీళ్ళ పైకి కనిపించేవి. అవి అక్కడ గుడ్లు పెట్టడానికి వచ్చాయని మా మావయ్యకి తెలుసు. తెలిసే బరిసె పట్టుకెళ్ళేవాడు.

తాతయ్యకి మాత్రం ఒక పట్టింపు ఉండేది. కొర్రమీను పిల్లలతో తిరుగుతుంటే వల వెయ్యనిచ్చేవాడు కాదు. కొర్రమీను నాచు మధ్య కాస్త జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది. అవి నీటి మీద తేలుతుంటాయి. పిల్లలు పుట్టాక ఎర్రగా, గుంపుగా కదులుతుంటే తల్లీతండ్రీ కిందే కాపలా తిరుగుతాయి. ఆ ఎర్రటి గుంపు కనిపిస్తే కింద పెద్ద చేప ఉందని గుర్తు కాబట్టి, పట్టుకునేవాళ్ళు సరిగ్గా అక్కడే గాలం వేసేవారు. తాతయ్య చూస్తే మాత్రం, "పిల్లల తల్లిని పట్టుకున్నోడికి ఏం కలిసొస్తుందిరా" అని తిట్టేవాడు. ఆ తిట్లకి ఎవరైనా మానేశారో లేదో చెప్పలేను. కూర కోసం కాదుగానీ, కైకలూరు సంతలో కొర్రమీనుకి వచ్చే డబ్బు కోసం ఎవరాగుతారు.

ఏటా వచ్చే ఈ ఎర్రనీరు మాకు వరద కింద లెక్క కాదు. వరద అంటే వేరు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చింది అసలు వరద. దసరా సెలవులు అయిపోయిన కొత్తలో. ఎగువన కురిసిన వాన బుడమేరుకీ తమ్మిలేరుకీ ఒకేసారి వచ్చింది, మా దగ్గర కూడా ముసురు పట్టింది. దానికి తోడు సముద్రం పోటు మీద ఉండి ఉప్పుటేరు నీటిని తీసుకోవడం మానేసింది. సాయంత్రం గట్టు కింద ఉన్న నీరు తెల్లారేసరికి పశువుల కొట్టంలో ఉంది. ఆడవాళ్ళని, పిల్లల్ని బడి మేడ మీదికి చేర్చారు. అమ్మమ్మ మాత్రం కోళ్ళ బుట్టలు అటక ఎక్కించేదాకా ఇల్లు కదల్లేదు. పొట్ట మీదున్న వరి మొత్తం నీళ్ళ కింద ఉంది. ఆ వరి గురించి పెద్దవాళ్ళు పడ్డ బాధ నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. నా కళ్ళన్నీ నీళ్ళ మీదే.

మొదటి రెండు రోజులూ చేపలే చేపలు. ఇంటి అరుగు మీదికి పరిగెలు వచ్చాయి. బడి మైదానంలో గోల్‌పోస్టుల మధ్య ఎవరో విసురువల వేసి బొచ్చె పట్టాడు. పెద్దవాళ్ళు ఏడుస్తుంటే పిల్లలు పండగ చేసుకుంటున్నారని హెడ్మాస్టరుగారు కేకలేశారు కూడా.

నీరు మాత్రం తియ్యలేదు. ఉప్పుటేరు నోరు పూడుకుపోయి ఉండడం, దారిలో వంతెనల కింద నాచు అడ్డుపడడం, పెద్ద ఎడ్లగాడి వంతెన దగ్గర నీరు ఎత్తు మీదే నిలిచిపోవడం, ఇవన్నీ పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. వారం దాటేసరికి కింద వరి కుళ్ళడం మొదలుపెట్టింది. గడ్డి, తూడు, గుర్రపుడెక్క అన్నీ కలిసి కుళ్ళాయి. నీళ్ళు చిక్కటి టీ డికాక్షన్ రంగుకి తిరిగాయి. చేయి ముంచితే జిడ్డు, వాసన. ఒకరోజు తెల్లవారుజామున మావయ్య నన్ను లేపి మేడ పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. కింద ఎక్కడ చూసినా చేపలు నీటి మీదికి మూతులు పెట్టి గాలి కోసం ఆడిస్తున్నాయి. శీలావతి, మోసు, బొచ్చె, జెల్లలు, పరిగెలు. కదిలే ఓపిక కూడా లేదు వాటికి. ఎండెక్కేసరికి సగం తెల్లగా వెల్లకిలా తేలాయి.

ఇప్పుడు మా వైపు చేపల చెరువున్న ఏ రైతునడిగినా దీన్ని ఒక్క ముక్కలో చెప్తాడు, ఆక్సిజన్ పడిపోయింది అని. అప్పుడు ఆ మాట మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. నీళ్ళలో గడ్డీగాదం కుళ్ళేటప్పుడు, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువుని వాడేస్తాయి. పగలు నాచు ఎండలో కొంత తయారుచేస్తుంది, రాత్రయితే అదీ ఉండదు, పైపెచ్చు నాచు కూడా పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున పరిస్థితి మరీ అన్యాయంగా ఉంటుంది. వరదలో చేప మునిగి చావదు కదా అనుకుంటాం. వరద చేపని చంపే దారుల్లో ఇది ముఖ్యమైనది, అదీ నీరు పారుతున్నప్పుడు కాదు, ఆగిపోయాక. పొలాల్లో చల్లిన పురుగుమందులు కూడా అదే నీళ్ళలో ఉన్నాయి. ఎండోసల్ఫాన్ ఆ రోజుల్లో ప్రతి దుకాణంలో దొరికేది. చేపలకి అది ఎంత విషమో తర్వాత చదివి తెలుసుకున్నాను. మొత్తానికి దేశంలో దాన్ని 2011లో ఆపించారు.

అంత చావులో కూడా నాలుగు రకాలు మాత్రం బతికాయి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక. వీటికి మొప్పలతో పాటు బయటి గాలి పీల్చుకునే ఏర్పాటు ఇంకొకటి ఒంట్లోనే ఉంటుంది. నీటి మీదికి వచ్చి ఒక్క గుక్క గాలి మింగి కిందికి పోతాయి. మా ఊరి చేపల బుట్టలో వీటిని బతికుండగానే రెండు రోజులు ఉంచి అమ్మగలిగేవారంటే కారణం అదే. గొరక అయితే తడి నేల మీద పాక్కుంటూ ఇంకో గుంటలోకి పోతుంది. దాన్ని పట్టుకోబోతే మొప్పల పక్క ముళ్ళతో కోసేస్తుంది, నా బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

నీరు తీసింది. దీపావళి కూడా దాటిపోయిందనుకుంటా. పల్లంలో ఎక్కడికక్కడ మడుగులు మిగిలిపోయాయి. అందులో ఇరుక్కున్న చేపలకి వెనక్కి దారి లేదు. గూడబాతులు, కొంగలు, నీటికాకులు, మేము, అందరం వాటి మీదే పడ్డాం. మడుగుకి అడ్డుకట్ట వేసి నీళ్ళు తోడి బురదలో చేతులు పెట్టి పట్టేవాళ్ళం. అమ్మమ్మ పరిగెల్ని ఉప్పేసి చాపల మీద ఎండబెట్టించింది. ఊరంతా ఆ కంపు. సంక్రాంతికి వచ్చిన మా నాన్నగారు ముక్కు మూసుకుని, రెండో రోజు నుంచి అదే ఎండు పరిగెల వేపుడు అడిగి వేయించుకున్నారు.

మా తాతయ్య దిగాలుగా ఉన్నది వరి గురించే. చేపల గురించి అడిగితే, "చేపకేంరా, వరదొచ్చిన మరుసటేడు చూడు" అన్నాడు. నేను దాన్ని ముసలాయన ధైర్యం చెప్పుకోవడం అనుకున్నాను. అన్ని చేపలు చచ్చి తేలడం కళ్ళారా చూసినవాడిని మరి.

మరుసటేడు మా రేవులో దిగిన చేపని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎర్రనీరు రాగానే ఎదురెక్కిన పరిగెల గుంపులకి బోదెల్లో నీళ్ళు పొంగినట్టు కనిపించాయి. వాలుగలు, బొమ్మిడాయిలు, మట్టగిడసలు ఒక ఎత్తయితే, నీలకంఠ రొయ్యలు ఇంకొక ఎత్తు. తాతయ్య మాట నిజం కావడం వెనక మంత్రం ఏమీ లేదు. వరదకి నీరు పల్లం మీదంతా పరుచుకుంటుంది. ఏడాదంతా ఎండిన నేల మీద ఉన్న పేడ, ఆకులు, గడ్డి, పురుగూ పుట్రా మొత్తం నీటిపాలై చేప పిల్లలకి తిండవుతాయి. లోతు తక్కువ, వెచ్చన, దాక్కోవడానికి గడ్డి దుబ్బులు. పెద్ద చేపలు చచ్చినా, ముందే అక్కడికి చేరి బతికిన పిల్లలు వేగంగా ఎదుగుతాయి. పోటీ పడడానికి పెద్దవి లేవు కూడా. పరిగెల్లాంటి చిన్న చేపలు ఏడాది తిరక్కుండానే గుడ్లకి వస్తాయి కాబట్టి పోయిన దాన్ని తొందరగా పూడుస్తాయి. వాలుగలాంటి పెద్ద వాటికి టైము పడుతుంది. 1989లో వోల్ఫ్‌గాంగ్ యుంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి, పెద్ద నదుల్లో చేపలకి నదికంటే ఏటా మునిగి తేలే ఆ మైదానమే పెద్ద ఆధారమని రాశాడు. ఆయన చూసింది అమెజాన్. మా తాతయ్య చూసింది కొల్లేరు. ఆయనది శాస్త్రమైంది, ఈయనది సామెత కూడా కాలేదు.

నీలకంఠ రొయ్య సంగతి ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మంచినీళ్ళలో పెరుగుతుంది గానీ, దాని పిల్ల మొదటి రోజుల్లో ఉప్పు కలిసిన నీళ్ళు లేకపోతే బతకదు. గుడ్లు మోసుకుని తల్లి ఉప్పుటేరు వెంట కిందికి పోతుంది, పిల్లలు కాస్త ఎదిగాక పైకి తిరిగొస్తాయి. పండుగప్ప కథ దీనికి అటూఇటుగా ఇదే, పెద్దయ్యాక పిల్లల కోసం సముద్రం నోటి దగ్గరికి పోవాలి. అందుకని ఉప్పుటేరులో నీరు పారడం అనేది మా వరి రైతుకి ఎంత అవసరమో వీటికీ అంతే అవసరం. అటు గోదావరి మీద పులసది కూడా ఇదే రకం ప్రయాణం, కాకపోతే వ్యతిరేక దిశలో. సముద్రంలో బతికి, వరద నీరు తగలగానే గోదావరిలోకి ఎదురీదుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. దాని ధర గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

అన్ని వరదలూ మంచి చేస్తాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే చేపలకి పుండ్ల జబ్బు వచ్చింది. అది మన దేశంలో 1988లో ఈశాన్యం వైపు మొదట కనిపించిందట. వానలకీ వరదలకీ నీళ్ళన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతుంటే రాష్ట్రాలు దాటుకుంటూ మా దాకా వచ్చింది. చలి మొదలయ్యే సమయంలో కొర్రమీనుల ఒంటి మీద ఎర్రటి పుండ్లు, కొన్నిటికి తల దాకా తినేసి ఉండేది. బూజు జాతికి దగ్గరగా ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందది. గాలి పీల్చి వరదని గెలిచిన కొర్రమీను దీనికి దొరికిపోయింది. మనుషులకి అంటదని అధికారులు మైకుల్లో చెప్పినా ఎవరూ నమ్మలేదు, మా ఊళ్ళో చాలా ఇళ్ళలో చేప వండడం మానేశారు. చెరువుల్లో సున్నం చల్లారు. కొల్లేట్లో ఎక్కడని చల్లుతారు.

ఈలోగా కొల్లేరే మారిపోయింది. నేను కాలేజీకి వెళ్ళి సెలవులకి వచ్చిన ప్రతిసారీ కొత్త గట్టు ఒకటి కనిపించేది. వరి కంటే చేపలో డబ్బుంది, ఎవరైనా ఏం చేస్తారు. మా మావయ్య కూడా ఉన్న ఎకరాలని చెరువు చేశాడు. బొచ్చె, శీలావతి. తవుడు, చెక్క మేత. పిల్ల కైకలూరు హేచరీ నుంచి. వినడానికి మామూలు మాటలే గానీ, ఈ హేచరీ అనేదానికి వరదతో చుట్టరికం ఉంది. బొచ్చె, శీలావతి, మోసు చెరువులో ఎంత పెరిగినా గుడ్లు పెట్టవు. ఎర్రనీరు తగలాలి, పారే నీరు కావాలి, మునిగిన పల్లం కావాలి. పూర్వం వీటి పిల్ల కావాలంటే వరద రోజుల్లో నదుల్లో సన్నవలలు కట్టి పట్టుకోవడమే దారి. అందులో ఏ చేప పిల్ల వస్తుందో పట్టినవాడికి కూడా తెలియదు. 1957 జూలై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఈ జాతి చేపలకి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించాడు. ఆ తేదీనే ఇప్పుడు చేపల రైతుల దినోత్సవంగా చేస్తున్నారు. మావయ్యతో వెళ్ళి నేనొకసారి హేచరీ చూశాను. గుండ్రటి సిమెంటు తొట్టె, అంచుల వెంట పైపులు ఒకే వైపుకి తిప్పి నీటిని గిరగిరా తిప్పుతారు, పైనుంచి జల్లు. ఇంజెక్షన్ వేసిన తల్లిచేప ఆ సుడిలో తిరిగి తిరిగి రాత్రికి గుడ్లు వదిలేస్తుంది. అంటే మోటారు పెట్టి దానికి దొంగ వరద చూపిస్తున్నారన్నమాట. "తాత చూసుంటే ఏమనేవాడంటావ్" అన్నాడు మావయ్య. అప్పటికి తాతయ్య లేడు.

గట్లు పెరిగేకొద్దీ వరద అర్థం మారిపోయింది. నీరు అదే. పరుచుకోవడానికి జాగా లేదు. పల్లం మీద నెమ్మదిగా పాకాల్సిన నీరు గట్ల మధ్య సందుల్లో ఎత్తుగా, జోరుగా పోతుంది. ఆ జోరులో కొర్రమీను గూళ్ళు చెదిరిపోతాయి, ఈదలేని పిల్ల కొట్టుకుపోతుంది, బురద మొప్పల్లో పడుతుంది. ఎదురెక్కుదామంటే పైన పొలం లేదు, ఇంకో గట్టు. నా అభిప్రాయం ఇది, మా మావయ్య ఒప్పుకోడు: కొల్లేటి నాటు చేపని దెబ్బతీసింది వరద కాదు, వరదని చేపకి అందకుండా చేసిన గట్లు. ఆయన మాత్రం మురుగు, ఫ్యాక్టరీ నీళ్ళు, పురుగుమందు, ఎగువన ఆనకట్టలు అంటాడు. అవీ ఉన్నాయి, కాదనను. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో మిషన్లు పెట్టి అభయారణ్యంలోని గట్లు పగలగొట్టినప్పుడు ఆయన చెరువు ఐదో కాంటూరు బయట ఉండడం వల్ల బతికిపోయింది. పక్కవాళ్ళది పోయింది. ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. కాబట్టి గట్ల గురించి నా అభిప్రాయం హైదరాబాద్‌లో ఉన్నప్పుడు గట్టిగా, ఊళ్ళో ఉన్నప్పుడు మెల్లగా చెప్తుంటాను.

వరదలో చెరువు రైతు పడే టెన్షన్ కూడా తక్కువేం కాదు. నీరు గట్టెక్కుతుందంటే కర్రలు పాతి చుట్టూ వల కడతారు. కరెంటు ఉండదు. పడవ మీద తిరుగుతూ రాత్రంతా లైటు వేసి చూస్తుంటారు. పట్టుబడికి నెల ఉందనగా గట్టు తెగితే లీజు, మేత, అప్పు మొత్తం నీళ్ళలోకే. ఆ చేప ఎవరి వలలో పడితే వాడిది.

ఆ తెగిన గట్ల నుంచి వచ్చేది ఒక్క బొచ్చె, శీలావతే అయితే పెద్ద ఇబ్బంది లేదు, అవి మన నీళ్ళవే. ఇప్పుడు చెరువుల్లో ఉన్నది మావాళ్ళు ఫంగస్ అని పిలిచే పంగాసియస్ చేప, రూప్‌చంద్, తిలాపియా. ఒకటి ఆగ్నేయాసియాది, ఒకటి దక్షిణ అమెరికాది, ఒకటి ఆఫ్రికాది. వీటితో పాటు, ఎవరూ పెంచకపోయినా, అద్దాల తొట్టెల్లోంచి బయటపడిన దెయ్యం చేప. ఒంటి నిండా గట్టి పెంకు, మచ్చలు, ముల్లు రెక్కలు. వలలో పడిందంటే వల చిరిగిపోవాల్సిందే. గట్టుకి బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయినా కడుపులోకి గాలి మింగి బతికేస్తుంది. నా చిన్నప్పటి ఆ నల్లనీళ్ళ వరద ఇప్పుడొస్తే, చచ్చేది మన పరిగె, మిగిలేవాటిలో కొర్రమీను పక్కన ఇది కూడా ఉంటుంది. దీన్ని ఎవరూ తినరు, కొనరు.

2018లో కేరళ వరదల తర్వాత మా ఆఫీసులో పనిచేసే మలయాళీ ఒకాయన ఫోన్‌లో వీడియో చూపించాడు. వాళ్ళ నదిలో మనిషంత అరపైమా. అమెజాన్ చేప. ఎవరో దొంగచాటుగా పెంచుకుంటున్నది, వరదకి గట్టు దాటి వచ్చింది. అక్కడ అలాంటివి ఇంకా కొన్ని దొరికాయని తర్వాత పేపర్లలో కూడా వచ్చింది. ఆయన నవ్వుతూ చూపించాడు గానీ నాకు నవ్వు రాలేదు, మా కైకలూరు గుర్తొచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్టు తెగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. అటు కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందెప్పుడూ లేనంత. విజయవాడలో నీరు తీసింది అనగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బుడమేరు నీరు తీసి ఎక్కడికి పోతుంది, కొల్లేటికే కదా. నేను మావయ్యకి ఫోన్ చేస్తే, "ఇప్పుడు మన వంతురా అల్లుడూ" అన్నాడు. అన్నట్టుగానే ఏలూరు రోడ్డు మీదికి నీరొచ్చింది, లంకల్లోకి మళ్ళీ పడవలే దిక్కయ్యాయి. మావయ్య ఇప్పుడు చెరువు లీజుకిచ్చేశాడు, వయసైపోయింది. వరద రోజుల్లో మాత్రం ఊరుకోలేడు, మనవడిని వెంటేసుకుని వల పట్టుకెళ్తాడు. నేను ఊరు వెళ్ళేసరికి ఆయన పట్టిన తట్ట అరుగు మీద ఉంది. రూప్‌చంద్‌లు కొన్ని, తిలాపియా చాలా, రెండు ఫంగస్‌లు, ఒక దెయ్యం చేప. అడుగున వెతికితే గుప్పెడు మట్టగిడసలు, ఒక్క బొమ్మిడాయి. దెయ్యం చేపని మనవడు కర్రతో కదుపుతున్నాడు. ఆ పిల్లాడికి వాలుగ అంటే ఏంటో తెలియదు. నేను ఫోన్‌లో ఫొటో తీసి చూపించబోతే ముందు నాకే సరైన ఫొటో దొరకలేదు.

అత్తయ్య ఆ గుప్పెడు మట్టగిడసలూ ఏరి చింతపండు పులుసు పెట్టింది. మిగతావి పక్కింటికి పంపేసింది.

ఆ మరుసటేడు ఆగస్టులో మావయ్య దగ్గర్నుంచి నాకు ఫోన్ వచ్చింది. మామూలుగా నేను చేస్తేనే మాట్లాడతాడు. గొంతులో ఉత్సాహం. "ఒరేయ్, పరిగె పడిందిరా. బోదెలో మావు పెడితే తెల్లారేసరికి నిండిపోయింది. చాలా ఏళ్ళయింది ఇట్టా చూసి." గట్లు రెండు మూడు చోట్ల తెగినవి ఇంకా పూడ్చలేదట, ఆ గండ్ల వెంట నీరు పాత పొలాల్లోకి పారుతోందట. ఎదురెక్కడానికి దారి దొరికింది. మావయ్యా, మరి నేను చెప్పింది అదే కదా అన్నాను. వినిపించుకోలేదు.

"కైకలూరు పట్టుకెళ్ళావా, ఏ ధర పలికింది" అని అడిగాను.

"ధరా? ఎవడడిగాడు. ముళ్ళు తీసుకునే ఓపిక ఎవరికుందంటున్నారు. ఫంగస్ ముక్కలు కొట్టి కవర్లో పెట్టిస్తున్నారు జనం. నేనే వెనక్కి తెచ్చి మీ అత్తయ్యకిచ్చి ఎండబెట్టించాను. నీకు కొరియర్ చేద్దామంటే వాసనొస్తుందని ఆ షాపోడు తీసుకోడంట. నువ్వే వచ్చి తీసుకుపో, దసరా లోపు రా, గట్లు పూడ్చేస్తారంట అప్పటికి."